ఎడమకాలి మట్టె

మా అత్తమ్మకు దవాఖానకు పోవడమంటే చుట్టాలింటికి పోయినంత సంబరం. కట్టంగూర్ దగ్గరి మా ఊళ్ళో పల్లె దవాఖాన పెట్టినప్పటి నుంచి, నెలకోసారి బీపీ, షుగర్ చూసే రోజు వచ్చిందంటే చాలు, ఆమె పొద్దున్నే తలకు నూనె రాసుకొని, పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకొని, నేను చాయ్ పెట్టేలోపే గడప దాటేది. అక్కడి అరుగు మీద ఆమె ఈడు ఆడవాళ్ళంతా వరసగా కూర్చునేవాళ్ళు. ముందు కోడళ్ళ సంగతి, తర్వాత పత్తి సంగతి, చివరికి ఒంటి సంగతి మాట్లాడుకునేవాళ్ళు. నేను వెంట వెళ్ళిన రోజు మాత్రం పత్తితో మొదలుపెట్టేవాళ్ళు.

ఆమెకు షుగర్ ఉందని చాలా ఏళ్ళ కిందట ఇలాంటి పరీక్షలోనే బయటపడింది. ఏడవలేదు, బెంగపడలేదు. ఇచ్చిన గోలీలు తెచ్చుకొని దేవుని గూట్లో పెట్టుకొని, దీపం పెట్టినంత శ్రద్ధగా వేళకు మింగేది. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టెకు మారింది. ఎవరింట్లోనైనా పాయసం పెడితే, "నాకు షుగర్ ఉంది" అని కొంచెం గొప్పగానే చెప్పేది.

మామ ఆమెకు పూర్తిగా తిరగేసిన మనిషి. డెబ్బైకి దగ్గరపడ్డా టీవీఎస్ బండి మీద ఎరువు బస్తా వేసుకొని పొలానికి పోయేవాడు. ఆయన చేతికి బీపీ పట్టీ చుట్టిన మనిషి లేడు. దవాఖాన తరఫున ఇల్లిల్లూ తిరిగే ఆశమ్మ ఇంటికే వచ్చి పిలిస్తే వెనక దర్వాజలోంచి బావి దగ్గరికి జారుకునేవాడు. "చూపిచ్చుకుంటె ఉంటది. చూపిచ్చుకోకుంటె ఏదీ ఉండది" అనేది ఆయన సిద్ధాంతం. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

మండదా మరి? నేను చౌటుప్పల్ దగ్గర ఒక మందుల కంపెనీలో గోలీల పట్టీలు డబ్బాల్లో సర్దే పని చేస్తాను. పొద్దున్నే హైవే మీదికి వచ్చి కంపెనీ బస్సెక్కితే, మళ్ళీ ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. మా దగ్గర ఏడాదికోసారి అందరికీ పరీక్షలు చేస్తారు. కళ్ళు, నెత్తురు, ఊపిరి, బరువు అన్నీ చూస్తారు. నాకు వద్దు అనే వీలే లేదు. మామకు కూడా అలాంటి కంపెనీ ఒకటి ఉంటే బాగుండేదనుకునేదాన్ని. నా చేతుల మీదుగా పోయే బీపీ గోలీలు ఎక్కడెక్కడి ముసలివాళ్ళో మింగుతుంటారు గానీ, మా ఇంటి ముసలాయన మాత్రం మింగడు. మా ఆయనకు చెబితే, "బాపు ఎవరి మాట ఇన్నడు గనక" అని చేతులు దులుపుకునేవాడు.

ఒక నెల ఆ పరీక్ష నా సెలవు రోజున పడింది. అత్తమ్మ వెంట నేనూ వెళ్ళాను. కొత్తగా వచ్చిన నర్సమ్మ, ఇంకా పెళ్ళి కూడా కాని పిల్ల, షుగర్ ఉన్నవాళ్ళకు ఇకనుంచి కాళ్ళు కూడా చూస్తానన్నది. అరుగు మీద నవ్వులు లేచాయి. "మా కాళ్ళు చూసెతందుకు మేమేమన్న పెండ్లిపిల్లలమా బిడ్డా?" అని ఒకామె అన్నది.

ఆ పిల్ల దగ్గర చేపల గాలానికి కట్టే దారం లాంటి సన్నని పోగు ఒకటి ఉంది. మనం కళ్ళు మూసుకోవాలి. ఆమె ఆ పోగును అరికాలికీ వేళ్ళకూ ఆనిస్తుంది. తగిలినప్పుడల్లా తగిలిందని చెప్పాలి. తెలియకపోతే కాలిలో స్పర్శ తగ్గినట్టు. స్పర్శ తగ్గిన కాలికి ముల్లు గుచ్చుకున్నా, పుండు పడ్డా మనిషికి తెలియదు. ఇదంతా నర్సమ్మ ముందే విడమరిచి చెప్పింది. అత్తమ్మ బుద్ధిగా తల ఊపి కళ్ళు మూసుకుంది.

"ముట్టిన్నా పెద్దమ్మా?"

"ఆఁ, ముట్టినవ్ బిడ్డా."

"ఇప్పుడు?"

"ముట్టినవ్."

నర్సమ్మ పోగును పక్కన పెట్టేసింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని మళ్ళీ అడిగింది. "ఇప్పుడు?"

"ముట్టినవ్ బిడ్డా. మంచిగ తెలుస్తాంది."

అరుగంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. అత్తమ్మ కళ్ళు తెరిచి, ఆ పిల్ల చేతులు చూసి, తనూ నవ్వింది. "పాపం, పిల్ల గంతగనం అడుగుతాంటె లేదని ఎట్లంటమే?" అన్నది నాతో. నర్సమ్మ ఒక్కతే నవ్వలేదు. "నిజం చెప్పు పెద్దమ్మా, ఈ కాలికి ఏమన్న తెలుస్తాందా?" అని ఎడమకాలు పట్టుకొని అడిగింది.

"గది ఎప్పటి సందో మొద్దుబారింది. మా నీళ్ళే గసుంటియి బిడ్డా. నువ్వు ఈ దిక్కుదానివి కాదు, నీకు ఎరుక లేదు."

మా నల్లగొండ జిల్లావాళ్ళకు ఇదొక అలవాటు. ఒకప్పుడు ఇక్కడి బోరు నీళ్ళల్లోని ఫ్లోరైడ్ పళ్ళను పచ్చగా చేసింది, ఎముకలను వంచింది. ఇంటింటికీ నల్లాలో నది నీళ్ళు వచ్చాక ఆ బోరు నీళ్ళు తాగడం మానేశాం గానీ, తిట్టడం మానలేదు. మోకాలు పట్టేసినా, నడుము లేవకపోయినా, కాలు తిమ్మిరెక్కినా పాత నీళ్ళ మీదికే నెట్టేసి నిమ్మళంగా ఉంటాం. అత్తమ్మ కూడా తన కాలి మొద్దును అలాగే నెట్టేసింది. షుగర్‌కూ ఆ కాలికీ సంబంధం ఉండొచ్చని అంత విన్నాక కూడా ఆమెకు తట్టలేదు. ఏటా పరీక్షలు చేయించుకునే నాకూ ఆ రోజు దాకా తట్టలేదు.

నర్సమ్మ వేళ్ళ సందులు చూస్తూ ఎడమకాలి మట్టె దగ్గర ఆగింది. అత్తమ్మ ఒళ్ళు తగ్గాక మట్టె వదులై జారిపోతుంటే, మా వైపు ఆడవాళ్ళందరూ చేసినట్టే దానికి దారం చుట్టుకుంది. ఆ దారం నాట్లలో నాని, పేడ నీళ్ళల్లో తడిసి, పసుపు పట్టి, ఎండి, మళ్ళీ తడిసి నల్లని ముద్దయింది. దాని చుట్టూ వేలు ఉబ్బి ఉంది. నర్సమ్మ వంగి వాసన చూసింది. "ఇది తియ్యాలె పెద్దమ్మా. కింద పుండు ఉన్నట్టుంది" అన్నది.

అత్తమ్మ కాలు చటుక్కున చీరలోకి లాక్కుంది. "ఏదన్న చెయ్యి బిడ్డా. గది మాత్రం తియ్య."

"పుండు ఎముక దాక పోతె వేలే తీసెయ్యాల్సొస్తది. చూడనియ్యి."

"వేలు పోతె పోనీ. మట్టె తియ్య."

లేచి ఇంటి దారి పట్టింది. ఆ నెల గోలీలు కూడా తీసుకోలేదు. నేనే తీసుకొని వెనకాల నడిచాను.

భర్త బతికుండగా ఉత్తి వేలితో ఉండడం మా ఇళ్ళల్లో లేదు. పాత మట్టె తీస్తే ఆ క్షణమే కొత్తది తొడుక్కోవాలి. మట్టె తీసి ఊరుకునేది ఒక్కసారే, భర్త పోయిన పదో రోజున. అప్పుడు కూడా తనంత తాను తీసుకోదు, వేరే ఆడవాళ్ళు వచ్చి తీస్తారు. ఇదంతా నాకూ తెలుసు. కానీ అత్తమ్మ మొండితనానికి ఇంకో కారణం ఉంది. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర రొట్టె కొడుతూ చెప్పింది.

"నువ్వు అప్పటికి మా ఇంటికి రాలే. గెట్టు రాయి మీద పడి వేలు వాసింది. నొప్పికి ఓర్వలేక మట్టె తీసి కొంగుకు ముడేసుకున్న. గా మాపటికే మీ మామ బాయిల మోటరు దించుకుంట జారిపడ్డడు. నేను ఉర్కుకుంట పోయి, ముందుగాల మట్టె తొడుక్కొని, తర్వాత బాయిలకు తొంగిచూసిన. కాలు ఇరిగింది గని పానం దక్కింది."

"మట్టె కాదే, పైపు దొరకవట్టి బతికిన" అన్నాడు మామ, వాకిట్లో మంచం మీది నుంచి.

"నీకేం ఎరుక, ఊకో."

"తీస్తె తీయ్‌రాదు. నాకేమైతది, దుక్క లెక్క ఉన్న."

అప్పుడు నాకు నిజంగానే కోపం వచ్చింది. ఇద్దరి మీదా వచ్చింది. "ఆయన పానం కోసం నువ్వు వేలు పోగొట్టుకుంట అంటున్నవ్ అత్తమ్మా. ఆయనేమో గా పానం ఎట్లుందో ఒక్కసారన్న చూపిచ్చుకోడు. మీ ఇద్దరికీ దండం" అని గట్టిగానే అన్నాను. మామ విననట్టు అటు తిరిగి పడుకున్నాడు. అత్తమ్మ చేతిలో రొట్టె చప్పుడు ఆగిపోయింది. పెనం మీది రొట్టె మాడిపోయేదాకా ఆమె దానివైపు చూడలేదు.

ఆ తర్వాత వేలు వాపు పాదం మీదికి పాకింది. ఆమె పసుపు పెట్టి, పైనుంచి కొత్త దారం చుట్టి, చీర కుచ్చిళ్ళు కిందికి దించుకొని తిరిగింది. నాకు భయం పట్టుకుంది. కంపెనీలో డబ్బాలు సర్దుతుంటే కళ్ళ ముందు ఆ వేలే కనిపించేది. ఇక మా ఆయనతో చెప్పి ఎత్తుకొని అయినా తీసుకుపోదాం అనుకుంటుండగా, ఒక పొద్దున ఆమే నా దగ్గరికి వచ్చింది. "ఇయ్యాల డ్యూటీ బందువెట్టు. మీ మామను బండి తియ్యమను. నర్సమ్మతోని ఒక్క మాట ఉంది" అన్నది.

మామ ఆమెను బండి మీద తీసుకొచ్చాడు, నేను వెనకాలే నడిచి వచ్చాను. ఆమెను అరుగు దగ్గర దింపి పొలానికి పోదామని ఆయన ఆలోచన. బండి ఇంజను ఆపకుండానే నిలబడ్డాడు. అత్తమ్మ దిగి, "బండి బందు చెయ్. లోపటికి రా" అన్నది. ఆమె ఆయనతో అంత గట్టిగా మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు. ఆయనా వినలేదనుకుంటాను, బండి బందు చేసి లోపలికి వచ్చేశాడు.

లోపల బల్ల మీద కూర్చొని అత్తమ్మ నర్సమ్మతో చెప్పింది. "ముందుగాల ఈయన చెయ్యి చూడు. మంచిగున్నదని నువ్వు చెప్తె, నా మట్టె తీస్త. మంచిగ లేదంటె తియ్య."

మామ నావైపు చూశాడు, ఇదంతా నేనే అల్లిన కుట్ర అన్నట్టు. నాకే పాపం తెలియదు. గోడ మీది పిల్లల టీకాల బొమ్మ చూస్తూ నిలబడ్డాను. "నాకేం రోగం" అని గొణిగాడు. అయినా అత్తమ్మ కళ్ళు ఆయన మీంచి కదలలేదు. చివరికి చొక్కా చేయి పైకి జరిపి, శత్రువుకు అప్పగించినట్టు చెయ్యి చాపాడు.

నర్సమ్మ పట్టీ చుట్టి మిషన్ నొక్కింది. అంకె చూసింది. ఆయన్ను కాసేపు ఊరికే కూర్చోమంది. మంచినీళ్ళు ఇచ్చింది. రెండో చేతికి చుట్టి మళ్ళీ చూసింది. "బీపీ మస్తు ఎక్కువుంది పెద్దాయనా. తల తిరుగుడు గిట్ల ఏమన్న ఉందా?" అని మెల్లగా అడిగింది.

"లే" అన్నాడు. నీళ్ళ గ్లాసు కింద పెట్టి, "పొద్దుగాల లేవంగనే జర తిరుగుతది. ఎండకు అనుకున్న" అన్నాడు.

అత్తమ్మ ముఖం పాలిపోయింది. రెండు చేతులతో తన ఎడమకాలిని పట్టుకుంది. "చూసినవా బిడ్డా? గింత బీపీ వెట్టుకొని గీ మనిషి గెట్ల మీద నడుస్తున్నడంటె దేనివల్ల నడుస్తున్నడు? ఇన్నేండ్ల సంది నా మట్టెనే కాపాడుకుంట వస్తాంది. ఇప్పుడు తియ్యమంటరా నన్ను?"

ఆయన బీపీ బయటపడితే పని సులువవుతుందనుకున్నాను. ఇప్పుడు అదే అడ్డం వచ్చి కూర్చుంది. ఆ వేలు పోయినట్టే అనుకున్నాను.

మామ స్టూలు మీద నుంచి కిందికి దిగాడు. బావిలో పడ్డప్పుడు విరిగిన ఆ కాలు సరిగ్గా మడతపడదు. దాన్ని పక్కకు చాపుకొని, అత్తమ్మ ముందు నేల మీద కూర్చున్నాడు. "ఏది, కాలు చాపు" అన్నాడు. ఆమె చాపలేదు. ఆయనే చీర అంచు పక్కకు జరిపి, పాదం తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. చాలాసేపు ఆ వేలివైపు చూశాడు.

"గిన్ని దినాలు గిట్లనే నడుస్తున్నవా?"

"నాకేం తెలుస్తలేదు" అన్నది అత్తమ్మ. ఆ కాలి గురించి ఆ దవాఖానలో పాత నీళ్ళ మీదికి నెట్టకుండా చెప్పిన నిజం అదొక్కటే.

"గోలి ఏస్కుంట" అన్నాడు మామ. "దినాం నీ ముందట్నే ఏస్కుంట. ఇది తొడిగింది ఎవలు? సన్నెకల్లు మీద నీ కాలు వెట్టిచ్చి నేనే గద తొడిగిన. నేనే తీస్త. గా పదోనాడు తీసేటోళ్ళు వేరు. తొడిగినోడు బతికుండి తీస్తె ఏం కాదు."

అత్తమ్మ ఆలోచనలో పడింది. ఇది శాస్త్రంలో ఉందో లేదో మాకెవరికీ తెలియదు. అడగడానికి పెద్దవాళ్ళు కూడా ఎవరూ మిగల్లేదు, ఆ ఇంటికి ఇప్పుడు వాళ్ళే పెద్దవాళ్ళు. "తొడిగిన చెయ్యే తీస్తె దోషం ఉండదేమో" అని తనలో తాను అనుకున్నట్టు అన్నది. ఆ తర్వాత వీపు గోడకు ఆనించి కూర్చుంది.

నర్సమ్మ గోరువెచ్చని నీళ్ళు పోసి దారం నానబెట్టి, చిన్న కత్తెర ఆయన చేతికిచ్చి, పక్కనే కూర్చొని ఎక్కడ కత్తిరించాలో చూపించింది. నాగలి పట్టిన వేళ్ళు ఆ కత్తెరలో సరిగా ఇమడలేదు. పోగు తర్వాత పోగు తెగింది. సబ్బు నురగ రాసి తిప్పితే మట్టె మెల్లగా జారి ఆయన అరచేతిలో పడింది. కింద పుండు బాగా లోతుగా ఉంది. నేను ముఖం తిప్పుకున్నాను.

అత్తమ్మ మాత్రం వేలివైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె చూపంతా మామ ముఖం మీదే ఉంది, ఈ క్షణంలో ఆయనకేమైనా అవుతుందేమోనని. "పానం మంచిగున్నదా?" అని అడిగింది.

"నాకు మంచిగనే ఉంది. నీకు నొస్తాందా?"

"లే."

ఆ "లే" విన్నాక మామ తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. అంత పుండు ఉన్న మనిషి నొప్పి లేదంటే దానర్థం ఏమిటో ఆయనకు అప్పుడు అర్థమైంది. నేను బయటికి వచ్చి అరుగు మీద కూర్చొని ఏడ్చాను.

ఆ రోజే నల్లగొండ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. పుండు ఇంకా ఎముకను పట్టలేదని, ఇంకొన్నాళ్ళు అలాగే వదిలేసి ఉంటే వేలు దక్కేది కాదని డాక్టరు చెప్పాడు. కట్లు కట్టించుకోవడానికి చాలా రోజులు తిరిగాం. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమంటే, ఇంట్లో చెప్పులేంటని అత్తమ్మ చాలా గొడవ చేసింది. దేవుని గూటి దగ్గర విడుస్తానని బేరం పెట్టి ఒప్పుకుంది. అరికాలు రోజూ చూసుకోవాలన్నారు. ఆమె కాలు ఆమెకు కనిపించదు కదా, మామ సాయంత్రం ఫోను లైటు వేసి వేలు వేలూ చూస్తాడు. "పత్తికి పురుగు చూసినట్టు చూస్తున్నడే" అని ఆమె నాతో అంటుంది. విసుక్కున్నట్టే అంటుంది గానీ, పొద్దుగూకేసరికి తనే కాలు కడుక్కొని సిద్ధంగా కూర్చుంటుంది.

కుడికాలి మట్టె కింద ఏ పుండూ లేదు. దాన్ని దారం లేకుండా వేలికి సరిపడేట్టు సరిచేయించుకొని ఉంచుకుంది. "ఒక్కటన్న ఉంటె సగం మొగుడన్న మిగుల్తడు" అని తన మీద తనే జోకు వేసుకునేది. కానీ ఉత్తి వేలు ఆమెను బాధపెట్టింది. ఆ మధ్య ఒక పెండ్లిలో భోజనాల బంతిలో కూర్చున్నప్పుడు ఎవరో ఆ కాలివైపు చూసి, పక్కామె చెవిలో ఏదో అన్నారు. అత్తమ్మ వెంటనే చెయ్యెత్తి చూపించింది. "ఉన్నడు, గదుగో, బువ్వ తింటున్నడు!" అన్నది. బంతంతా అటు తిరిగింది. మామ ముద్ద నోట్లో పెట్టుకొని అలాగే ఆగిపోయాడు. ఆమె నవ్వింది గానీ, ఇంటికి వచ్చేదాకా చీర అంచు ఆ కాలి మీదికి లాక్కుంటూనే ఉంది.

తీసిన మట్టెను ఆమె చింతపండుతో తోమి, మామ గోలీల డబ్బాలో వేసింది. పొద్దున్నే మూత తీయగానే గోలీల కంటే ముందు అదే చేతికి తగిలేది. మామ దాన్ని పక్కకు జరిపి, గోలీ తీసి, ఆమె చూస్తుండగా మింగేవాడు. నెలకోసారి ఇద్దరూ కలిసే పల్లె దవాఖానకు పోవడం మొదలుపెట్టారు. అరుగు మీద ఆడవాళ్ళు ఆయన్ను ఆటపట్టిస్తే, బండి దగ్గర నిలబడి బీడీ కాల్చుకుంటూ వింటాడు. బీడీ మానమని నర్సమ్మ చెప్పింది. ఆ యుద్ధం ఇంకా నడుస్తోంది.

మొన్న పుండు ఆనవాలు కూడా లేకుండా మానిందని, ఇక వదులుగా ఉండే మట్టె పెట్టుకోవచ్చని నర్సమ్మ చెప్పింది. ఆ సాయంత్రమే మామ కట్టంగూర్ పోయి వచ్చాడు. మర్నాడు పొద్దున, నేను బస్సుకు తయారవుతుంటే, గోలీల డబ్బా తెరిచి, పాత మట్టె తీసి గద్దె మీద పెట్టాడు. జేబులోంచి కొత్తది తీశాడు. వెండిపని చేసే అవుసలాయనతో దగ్గరుండి చేయించాడట, కొంచెం వెడల్పుగా, అంచులు గీసుకోకుండా. "కాలు చాపు, తొడుగుత" అన్నాడు.

అత్తమ్మ కొత్త మట్టెను చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. ముఖం వెలిగిపోయింది. తొడిగించుకుంటుందనే అనుకున్నాను. కానీ ఆమె రెండు మట్టెలనూ కలిపి డబ్బాలో వేసి, మళ్ళీ ఆయన చేతికిచ్చింది.

"ఈ డబ్బలనే ఉండనీ" అన్నది. "పెండ్లైన కాడి నుంచి నా కాలికున్నది, ఎన్నడన్న ఒక్కసారి చూసినవా? డబ్బల ఉంటె దినాం చూస్తున్నవ్."

మామ గోలీ నోట్లో వేసుకొని నీళ్ళ కోసం చెయ్యి చాపాడు. అత్తమ్మ చెంబు అందించింది.